ఎత్తా, మెరకా?

సందేహం: విమానం నుంచి లేజర్‌తో కొలిచిన నేల వివరాలను పటాలు చేసే సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్‌లో తెరిచి, విజయవాడ పరిసరాలకు తెలుగులో పటం చేస్తున్నాను. ఎలివేషన్‌ను ‘ఔన్నత్యం’ అనీ, మిట్టపల్లాలు తేలేలా తెలుపునలుపులు వేసే హిల్‌షేడ్‌ను ‘కొండనీడ’ అనీ రాశాను. మా గైడ్ రెండూ కుదరలేదన్నారు. ఏమనాలి?
– ఒక ఇంజినీరింగ్ విద్యార్థి, గుంటూరు

సమాధానం: నేనూ మీ గైడ్ పక్షమే. ఔన్నత్యం మనిషి గుణానికి అలవాటైపోయిన మాట. దాన్ని తెచ్చి బందరు కాలవ గట్టుకు తగిలిస్తే నవ్వొస్తుంది. పోనీ ఎలివేషన్ అనే ఉంచుదామా అంటే అదీ చిక్కే. బెజవాడలో ఇల్లు కట్టేవాళ్లకు ఎలివేషన్ అంటే ఇంటి ముందువైపు సోకు. సినిమా అభిమానులకైతే హీరో నడిచొచ్చే సీను.

‘ఎత్తు’ చాలు. అయితే ఏది ఎత్తు అన్నది తేల్చాలి. లేజర్ కిరణంలో కొంత చెట్టు కొమ్మకు తగిలి వెనక్కొస్తుంది, కొంత ఆకుల సందుల్లోంచి దిగి నేలకు తగిలి వస్తుంది. అలా వచ్చిన ఒక్కో చుక్కకూ ఒక అంకె వేస్తారు: నేలకు 2, భవనానికి 6. మేడలూ చెట్లూ అన్నిటినీ కలుపుకొని పైపైన గీసింది డీఎస్ఎం. నేల చుక్కలతోనే గీసింది డీటీఎం. రెంటికీ ‘ఎత్తు’ అని ఒకే పేరు పెడితే చూసేవాడికి ఏం తెలుస్తుంది?

ఈ తేడాకు మన దగ్గర మాట ఉంది. ఇల్లు కట్టే ముందు ‘స్థలానికి మెరక తోలించాం’ అంటాం. పొలం మెరక, వీధి మెరక. మనిషిని గానీ మేడను గానీ మెరక అనం. మెరక నేలకే చెల్లుతుంది, దానికి ఎదురుమాట పల్లం. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు మూడంతస్తుల మేడ ఉన్నవాళ్లకూ కింది వాటాలోకి నీళ్లొచ్చాయి. మేడ ఎత్తే, ఉన్నది పల్లంలో. వరద మీ డీఎస్ఎం చూసి రాదు!

మెరకతో ఒక ఇబ్బంది లేకపోలేదు. అది పక్క నేలతో పోల్చి చెప్పే మాట, అంకెతో ఇమడదు. ‘ఇరవై మీటర్ల మెరక’ అని ఎవరూ అనరు. కాబట్టి ఒక పటానికి ‘నేల ఎత్తు’, రెండోదానికి ‘మేడలు, చెట్లతో కలిపి ఎత్తు’ అని పేర్లు పెట్టండి. రంగుల పట్టీకి ఒక కొసన మెరక, ఇంకో కొసన పల్లం అని రాయండి. కింద ‘సముద్ర మట్టానికి, మీటర్లలో’ అని చాలు. మట్టం అన్నది మేస్త్రీ చేతి రసమట్టంలోని మాటే, ఎవరికీ కొత్త కాదు. ఒకే ఎత్తున్న చోట్లను కలిపే కాంటూరు రేఖల పేరు మాత్రం అలాగే ఉంచండి, బడిపుస్తకాల్లోనే నాటుకుపోయింది.

ఇక హిల్‌షేడ్. నీడ అంటే ఒకటి అడ్డొస్తే రెండోదాని మీద పడేది. మీ సాఫ్ట్‌వేర్ అలాంటి నీడను లెక్కగట్టదు. ప్రతి గడిలోనూ నేల ఎటు వాలింది, ఎంత వాలింది చూసి, వెలుగు తగిలే కొద్దీ తెలుపు, తగలని కొద్దీ నలుపు వేస్తుంది. అలాంటి పనికి ‘ఛాయ’ సరైనది. చామనఛాయలో ఉన్నది నీడ కాదు, రంగులోని మెట్టు. ‘ఛాయాపటం’ అంటే ఫొటో అనుకుంటారు, అందుకని ‘మిట్టపల్లాల ఛాయ’ అనండి.

ఇంకొకటి, మీరు అడగకపోయినా. క్యూజీఐఎస్ లేయర్ స్టైల్‌లోని హిల్‌షేడ్ తనంతట తాను వెలుగును 315 డిగ్రీల దిక్కు నుంచి, 45 డిగ్రీల ఎత్తు నుంచి వేస్తుంది. అంటే వాయవ్యం. మన సూర్యుడు అక్కడ, అంత ఎత్తున ఎప్పుడూ నిలబడడు. కానీ ఆగ్నేయానికి మార్చి చూడండి, ఇంద్రకీలాద్రి గుంటలా కనబడుతుంది. పైనుంచి, ఎడమవైపు నుంచి వెలుగు పడితేనే మన కంటికి కొండ కొండలా తోస్తుంది. అందుకే పటం మూలన ‘వెలుగు వాయవ్యం నుంచి’ అని రాయండి. ఈశాన్యం ఎందుకు పెట్టలేదని వాస్తు పండితులెవరైనా అడిగితే మీ గైడ్‌కి అప్పజెప్పండి.