ఆర్మీ జిప్సీ కొనబోతున్న మేనల్లుడికి

చిరంజీవి శ్రీనుకు, మామయ్య ఆశీస్సులు.

నువ్వు ఆర్మీ జిప్సీ, అంటే సైన్యం వాడి వదిలేసిన మారుతి జీపు, కొనే ఆలోచనలో ఉన్నావని అక్క ఫోన్లో చెప్పింది. వద్దని చెప్పడానికి రాయడం లేదు. సైన్యంలో బండ్లు బాగుచేసే ఈఎంఈ విభాగంలో మెకానిక్‌గా ఉన్నన్నాళ్లూ ఆ బండి కిందే ఎక్కువ కాలం గడిపాను, ఇప్పటికీ రోడ్డు మీద కనిపిస్తే ఆగి చూస్తాను. వాగు అవతల ఉన్న మీ పత్తి చేనుకి అంతకంటే తగిన బండి లేదు. అయితే దాని బలం ఎక్కడుందో తెలియక కొన్న ఆర్నెల్లకే పాడుచేసుకునేవాళ్లు చాలామంది.

జిప్సీ బలమంతా తేలికగా ఉండటంలోనే ఉంది. 1985లో మారుతి దీన్ని తెచ్చినప్పుడు ఇంజిన్ 970 సీసీ, 45 హార్స్‌పవర్ మాత్రమే. జబల్‌పూర్‌లో తయారైన పాత ఆర్మీ జీపు జోంగాకి దాదాపు నాలుగు లీటర్ల ఇంజిన్ ఉండేది, దాని పక్కన జిప్సీ ఆటబొమ్మలా కనిపించేది. కానీ జోంగా దిగబడితే లాగడానికి ఇంకో పెద్ద బండి రావాలి. గుడ్డ టాపు జిప్సీ టన్ను కూడా తూగదు, 985 కిలోలు. నలుగురు జవాన్లు భుజం పెడితే బురదలోంచి బయటపడుతుంది. కాబట్టి ఇనుప బంపర్లు, టాపు మీద క్యారియర్, కొలతకి మించిన టైర్లు బిగిస్తామని ఎవరన్నా చెబితే వినకు. వాళ్లు అమ్మేది బరువు. అన్ని కిలోలు ఎక్కించాక అది జిప్సీ కాదు.

దొరికితే 2000 తర్వాతి ఎంపీఎఫ్‌ఐ బండే చూడు, అందులో కార్బొరేటర్ ఉండదు, ఇంజెక్టర్లే పెట్రోలు చిమ్ముతాయి, 1298 సీసీ, 80 హార్స్‌పవర్ ఉంటుంది. కార్బొరేటర్ సరిచేయడం తెలిసిన చేతులు ఇప్పుడు తగ్గిపోయాయి. ఇంజిన్ గురించి మరీ టెన్షన్ పడకు, దాన్ని విప్పి బాగుచేసుకోవచ్చు. చూడాల్సింది ఛాసిస్, బండిని మోసే ఇనుప చట్రం. పాత చాప ఒకటి తీసుకెళ్లి బండి కింద పడుకో. పెయింటు మీద పెయింటు వేసిన ఛాసిస్ పైకి నున్నగా మెరుస్తుంది, దానికి మోసపోవద్దు. వెనక కమాన్ కట్టలు బిగించిన చోట, బాడీ ఛాసిస్ మీద కూర్చునే బోల్టుల దగ్గర స్క్రూడ్రైవర్ పిడితో కొట్టు. గట్టి ఇనుము ఖణేల్మంటుంది. తుప్పు తిన్నది మందంగా పలుకుతుంది. అలా పలికిన చోట మొనతో పొడిచి చూడు, పెచ్చు ఊడి ఎర్రటి పొడి రాలితే లేచి వచ్చెయ్యి, బేరం కూడా ఆడొద్దు.

తర్వాత ముందు చక్రాల లోపలి వైపు చూడు. చక్రం పక్కకి తిరిగే కీలు, గుండ్రంగా ఉన్న నకిల్ మీద పల్చటి నల్ల జిడ్డు కారుతుంటే సీళ్లు పోయి యాక్సిల్ ఆయిల్ గ్రీజులో కలుస్తోందన్నమాట. చక్రాన్ని జాకీతో లేపి, పైనా కిందా పట్టుకుని ఊపు. ఆడితే బేరింగులు అరిగాయి. అలాంటి బండి వేగం అందుకుంటే స్టీరింగ్ చేతుల్లో వణికిపోతుంది. ఇది బాగయ్యేదే, ఆ ఖర్చు ధరలో తగ్గించమని అడుగు.

కాగితాల మాట. సివిల్ జిప్సీకే రంగు మార్చి ఆర్మీ బండని అమ్మేవాళ్లున్నారు. నిజంగా సైన్యం నుంచి బయటికొచ్చిన బండి రిజిస్ట్రేషన్ కావాలంటే సంబంధిత అధికారులు ఇచ్చిన ఫారం 21 సేల్ సర్టిఫికెట్ అసలు ప్రతి ఉండాలి. అందులోని ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు బండి మీద ఉన్నవాటితో అంకె అంకె సరిచూడు. ఇంకొకటి, ఆ ఆలివ్ గ్రీన్ రంగు మీద మోజు పెట్టుకోకు. కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 121వ నియమం ప్రకారం రక్షణ శాఖ బండ్లకు తప్ప ఎవరికీ ఆ రంగు కుదరదు. రంగు మార్చే ఖర్చు ముందే లెక్కలో వేసుకో.

ఇక నడపడం. మామూలుగా టూ హెచ్‌లోనే, అంటే వెనక చక్రాలకే బలం వెళ్లేలా తిరుగు. తారు రోడ్డు మీద ఫోర్ వీల్ వెయ్యనే వద్దు. మలుపులో ముందు చక్రాలు, వెనక చక్రాలు వేర్వేరు దూరాలు తిరుగుతాయి. ఆ తేడాను సర్దే డిఫరెన్షియల్ దీని మధ్యలో లేదు. ఆ బిగువంతా గేర్ల మీద పడి ఫోర్ వీల్ లివర్ ఇరుక్కుంటుంది. ఇరుక్కుంటే బలం చూపించకు, నాలుగడుగులు తిన్నగా రివర్స్ తీస్తే వదులుతుంది.

మీ రేగడి నేల సంగతి నీకు నేను చెప్పాలా? ఒక్క వానకే టైరు గాడులన్నీ మట్టితో పూడుకుపోయి గుండు టైరు అవుతుంది. చేను గట్టు మీదే దిగి ముందు చక్రాల మధ్యలో ఉండే హబ్‌లు రెండూ లాక్‌కి తిప్పు, అప్పుడే ఫోర్ వీల్ వేస్తే ముందు చక్రాలకి బలం అందుతుంది. దిగబడ్డాక తిప్పాలంటే మోచేతిదాకా బురదలో పెట్టాలి. చక్రం తిరుగుతూ బండి కదలకపోతే వెంటనే యాక్సిలరేటర్ వదిలెయ్. తొక్కినకొద్దీ అది గొయ్యి తవ్వుతుంది. పత్తికట్టె విరిచి నాలుగు చక్రాల కిందా వేసి, వచ్చిన గాడిలోనే వెనక్కి తియ్యి. నాలుగు చక్రాలకీ బలం వెళ్తుందన్న ధీమా వద్దు. ముందు ఒకటి, వెనక ఒకటి జారాయంటే ఆ రెండే తిరుగుతాయి, మిగతా రెండూ చూస్తూ ఉంటాయి.

నిటారు దిగుడు వస్తే బండి ఆపి, ఫోర్ ఎల్‌లో, అంటే నాలుగు చక్రాలూ నెమ్మదిగా బలంగా తిరిగే స్థానంలో, మొదటి గేరు వేసి, క్లచ్ మీంచి కాలు తీసేసి ఇంజిన్‌కే వదిలెయ్. రాళ్లలో బొటనవేళ్లు స్టీరింగ్ రింగు లోపల పెట్టకు. పవర్ స్టీరింగ్ లేని బండి, రాయి తగిలి గిర్రున తిరిగితే వేలు విరుగుతుంది.

వాగులోకి ముందు నువ్వు కర్ర పట్టుకుని నడిచి వెళ్లు. నువ్వు నిలబడలేని ప్రవాహంలోకి బండి దించకు, పిల్లలు ఉన్నప్పుడు అసలు ఆ ప్రయత్నమే వద్దు. నీళ్లలో ఇంజిన్ ఆగితే సెల్ఫ్ కొట్టకు, తోసి ఒడ్డుకి తెచ్చుకో. ఎయిర్ ఫిల్టర్ తడిసిందేమో చూశాకే స్టార్ట్ చెయ్యి. మర్నాడు ముందూ వెనకా యాక్సిళ్లలోని డిఫరెన్షియల్ ప్లగ్గులు తీసి ఆయిల్ చూడు. పాలలా తెల్లబడితే నీళ్లు చేరినట్టే, మొత్తం మార్చాలి.

అడ్వాన్సు ఇంకా ఇవ్వకపోతే ఇవ్వకు. ఛాసిస్ కింది ఫోటోలు, ఫారం 21 ఫోటో నాకు పంపు. అవి చూశాక ఆదివారం నేనే వస్తాను, ఇద్దరం కలిసి బండి చూద్దాం. జాకీ మంచిది ఒకటి తెచ్చి ఉంచు.

ఇట్లు,
మామయ్య