వీసా తేదీ చూశారా, టీచర్ గారూ?

ప్రశ్న: నేను రిటైర్డ్ టీచర్‌ని. గుంటూరు బ్రాడీపేటలో మా మేడ మీద పోర్షన్‌లో ఒక అఫ్గాన్ అమ్మాయి రెండేళ్లుగా అద్దెకు ఉంటోంది. ఇక్కడే ఎంబీఏ పూర్తి చేసింది. వాళ్ల నాన్న పాత ప్రభుత్వంలో ఉద్యోగి, ఇప్పుడు ఎక్కడున్నాడో తెలియదు. వెనక్కి వెళ్లాలంటే వణికిపోతోంది. నాకు కూతురులాంటిది. వీసా వచ్చే నెలతో అయిపోతుందనుకుంటాను. ఈమధ్య విజయవాడలో ఒక సభలో రిటైర్డ్ జడ్జి గారు, శరణు కోరినవాళ్లను ప్రమాదంలోకి తిరిగి పంపకూడదని చెప్పారు. కలిస్తే ఉత్తరం రాసిస్తానన్నారు. అది సరిపోతుందా? ఒక ఏజెంటు నలభై వేలిస్తే ఆధార్ కార్డు తెప్పిస్తానంటున్నాడు. తీసుకోవచ్చా?

జవాబు: మీ ఉత్తరం నాలుగు పేజీలు. అందులో ఈ కేసును తేల్చే మాట ఒక్కటే ఉంది, దాని పక్కన మీరు ‘అనుకుంటాను’ అని రాశారు. వీసా గడువు అనుకునే విషయం కాదమ్మా. పాస్‌పోర్టు తెరిచి తేదీ చూడండి. విదేశీయురాలిగా నమోదైనప్పుడు ఇచ్చిన రిజిస్ట్రేషన్ కాగితం మీద వేరే తేదీ ఉందేమో అదీ చూడండి. గడువు లోపల దరఖాస్తు పెడితే ఆమె రక్షణ అడుగుతున్న మనిషి. గడువు దాటితే ముందు గడువు మీరిన విదేశీయురాలు, మిగతా కథంతా ఆ తర్వాత. 2025 విదేశీయుల చట్టం ప్రకారం గడువు దాటి ఉండిపోతే మూడేళ్ల వరకు జైలు, మూడు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ.

జడ్జి గారి మాటలో తప్పు లేదు. ప్రాణానికీ స్వేచ్ఛకూ రక్షణ ఇచ్చే రాజ్యాంగం 21వ అధికరణ పౌరులకే కాదు, ఈ నేల మీద ఉన్న ప్రతి మనిషికీ వర్తిస్తుందని 1996లో అరుణాచల్‌లో ఉంటున్న చక్మా శరణార్థుల కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పదవిలో లేకపోయినా ఆయన ఈ మాట సభలో గట్టిగా అనడం నాకు చాలా సంతోషం. కానీ ఆయన ఉత్తరం సాక్ష్యం కాదు, అభిప్రాయం. మాజీ ప్రధాన న్యాయమూర్తి పి.ఎన్. భగవతి నాయకత్వంలో 1997లో శరణార్థుల కోసం నమూనా చట్టం తయారైంది. అంత పెద్దవారి చేతి మీదుగా వచ్చినా అది ఇప్పటికీ చట్టం కాలేదు. 1951 శరణార్థుల ఒప్పందం మీద మన దేశం సంతకమూ చేయలేదు. పైగా 2021లో మయన్మార్ నుంచి వచ్చిన రోహింగ్యాల కేసులో సుప్రీంకోర్టు, పంపించేయకుండా ఉండే హక్కు పౌరులకున్న నివాస హక్కుకు అనుబంధమని చెప్పి, చట్టప్రకారం పంపడాన్ని ఆపలేదు. ప్రభుత్వం తరఫు లాయరు ముందుగా చదివేది ఆ తీర్పునే.

మీకు పనికొచ్చేది వేరే ఉంది. కేంద్ర హోంశాఖ 2011 డిసెంబరులో ఒక విధానం పెట్టింది. జాతి, మతం, లింగం, రాజకీయ అభిప్రాయం లాంటి కారణాలతో వేధింపుల భయం ఉందని ప్రాథమికంగా నమ్మితే, భద్రతా తనిఖీ తర్వాత దీర్ఘకాలిక వీసా ఇవ్వవచ్చు. 1951 ఒప్పందం జాబితాలో లేని ‘లింగం’ మన విధానంలో ఉంది. తాలిబన్లు 2022 డిసెంబరులో ఆడపిల్లలకు యూనివర్సిటీలు మూసేశారు. ఎంబీఏ చదివిన అమ్మాయికి ఇంతకంటే దగ్గరి ఆధారం ఏముంటుంది?

అయితే పేపర్ కటింగులు చాలవు. దేశంలో పరిస్థితి బాగోలేదంటే అది అందరి కథ. ఆమె కథ కావాలి: నాన్న ఉద్యోగపు గుర్తింపు కార్డు, ఫోనుకొచ్చిన బెదిరింపులు, బంధువుల మెసేజ్‌లు. ఏదీ డిలీట్ చేయొద్దని ఈ రోజే చెప్పండి.

ఇక ఆ ఏజెంటు. వాడి గుమ్మం తొక్కవద్దు. ఆధార్ పౌరసత్వానికి రుజువు కాదు. తప్పుడు వివరాలతో వేరొకరిలా నమోదైతే ఆధార్ చట్టం కింద మూడేళ్ల వరకు జైలు. అడ్రసు రుజువుకు మీ కరెంటు బిల్లు, మీ సంతకం అడుగుతాడు, అంటే కేసులో మీరూ ఉంటారు. అన్నిటికన్నా పెద్ద నష్టం, ఆ కార్డు బయటపడ్డ రోజు ఆమె చెప్పే నిజాన్ని కూడా ఎవరూ నమ్మరు.

మీ తప్పు కూడా చెప్పాలి. విదేశీయులకు ఇల్లిస్తే 24 గంటల్లో పోలీసులకు సమాచారం ఇవ్వాలి, అందరూ ఫారం-సి అనేది అదే. రెండేళ్లలో ఒక్కసారైనా పెట్టారా? ఉత్తరంలో ఆ ఊసే లేదు. పెట్టకపోతే వెంటనే పెట్టండి, ఆలస్యానికి కారణం రాసి. పాత తేదీ మాత్రం వేయొద్దు.

విదేశీయుల నమోదు పోర్టల్‌లో గడువు ముగియకముందే ఆ దీర్ఘకాలిక వీసాకు దరఖాస్తు పెట్టించండి. శరణు ఎందుకు అడుగుతోందో ఆ అమ్మాయే తన మాటల్లో రాసి సంతకం చేసి, ఎస్పీ కార్యాలయంలోని విదేశీయుల విభాగంలో ఇచ్చి రసీదు తీసుకోవాలి. ఢిల్లీలోని ఐక్యరాజ్యసమితి శరణార్థుల కార్యాలయంలోనూ నమోదు కావాలి. వాళ్లిచ్చే కార్డుతో ఇక్కడ ఉండే హక్కు రాదు, కానీ ఆమె మాటకు బలం వస్తుంది. జడ్జి గారు నిజంగా సాయం చేస్తానంటే, ఉత్తరం బదులు ఆ వాంగ్మూలం ఒకసారి చదివి, ఎక్కడ తేదీ తప్పిందో, ఎక్కడ మాట పొంతన లేదో చూపించమనండి.

దరఖాస్తు తిరస్కరించినా, పంపేస్తామని నోటీసు ఇచ్చినా రాజ్యాంగం 226వ అధికరణ కింద అమరావతిలోని హైకోర్టులో రిట్, అంటే ప్రభుత్వ చర్యను సవాలు చేసే పిటిషన్, వేయవచ్చు. రిట్‌కు ఇన్ని రోజులని లిమిటేషన్ చట్టంలో లేదు. అలాగని ఆరు నెలలు కూర్చుని వస్తే, ఇన్నాళ్లు ఏం చేశారన్నదే మొదటి ప్రశ్న అవుతుంది. ఫీజు గురించి టెన్షన్ పడకండి. 1987 న్యాయ సేవల చట్టం కింద మహిళకు ఆదాయంతో పని లేకుండా ఉచిత లాయరు దొరుకుతారు, ఆ సెక్షన్‌లో పౌరసత్వం షరతు లేదు. గుంటూరులో జిల్లా న్యాయ సేవల సంస్థకు వెళ్లండి. పాస్‌పోర్టు, రిజిస్ట్రేషన్ కాగితం, ఎంబీఏ సర్టిఫికెట్, మీ అద్దె ఒప్పందం రెండేసి జిరాక్స్‌లు తీసుకుని, అమ్మాయిని వెంటబెట్టుకుని వెళ్లండి.