ముందు జనరేటర్, తర్వాత చేపపిల్లలు

చి. సురేష్‌కు ఆశీస్సులు.

శామీర్‌పేటలో షెడ్డు వేసి ఆర్‌ఏఎస్ (రీసర్క్యులేటింగ్ ఆక్వాకల్చర్ సిస్టమ్) పద్ధతిలో కొర్రమీను పెంచుతానన్నావు, సంతోషం. నువ్వు పంపిన కొటేషన్ చూశాను. ట్యాంకులు, సెన్సార్లు, ఫోన్‌లో యాప్ అన్నీ ఉన్నాయి గానీ జనరేటర్ లేదు. ముందు అది రాయించు.

వాడిన నీళ్లనే వడకట్టి మళ్లీ వాడుకోవడం ఈ పద్ధతిలో గొప్ప. బోర్లు ఎండుతున్న మన వైపు అది చిన్న విషయం కాదు. కానీ చేపలు వదిలే అమ్మోనియా వాటికే విషం, దాన్ని విరిచేది బయోఫిల్టర్‌లో పెరిగే బ్యాక్టీరియా. ఒక రకం దాన్ని నైట్రైట్‌గా మారిస్తే, ఇంకో రకం నైట్రేట్‌గా మారుస్తుంది. అవి కుదురుకోవడానికి నెల, నెలన్నర పడుతుంది. షెడ్డు లేచిన వారానికే చేపపిల్లల్ని దింపేద్దామని అమ్మేవాళ్లు తొందరపెడతారు, వినకు. మున్సిపల్ నీళ్లయితే క్లోరిన్ పోగొట్టాకే పోయి, లేకపోతే ఆ బ్యాక్టీరియా చస్తుంది.

కొర్రమీను పైకొచ్చి గాలి పీలుస్తుంది కదా, కరెంటు పోతే ఏమవుతుందిలే అంటారు. చేప తట్టుకోవచ్చు, ఫిల్టర్ తట్టుకోదు. ఆ బ్యాక్టీరియాకీ ఆక్సిజన్ కావాలి, అందుకే ముందు జనరేటర్ అన్నాను.

ఇక మేత. ఖర్చులో సగానికి పైగా దానిదే. ‘పర్యావరణానికి మేలు’ అని రాశావు చూడు, అది నాకు మింగుడు పడలేదు. కొర్రమీను మాంసాహారి, దాని మేతలో సముద్రపు చేపల పొడి కలుస్తుంది. ఇక్కడ నీళ్లు మిగిల్చి, అక్కడ సముద్రాన్ని ఊడ్చేస్తే ఎలా? సోయా, పురుగుల పొడి ఎక్కువ కలిపిన మేతలూ ఉన్నాయి. ఒక్క ట్యాంకులో పెట్టి చూడు. ఎంత మేత వేశావో రోజూ, ఎంత బరువు పెరిగాయో వారం వారం రాసుకో. తినకుండా మిగిలిన మేత మళ్లీ అమ్మోనియానే అవుతుంది. పెద్దవి చిన్నవాటిని మింగేస్తాయి కాబట్టి సైజులవారీగా వేరు చేస్తూ ఉండాలి. అడుగున చేరిన మడ్డిని నాలాలోకి వదలకు, పక్క మడికి ఎరువవుతుంది.

సబ్సిడీ మాట. 2020లో వచ్చిన మత్స్య సంపద యోజనలో అది యూనిట్ ఖర్చులో 40 శాతం. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు 60. అమ్మాయి పేరు మీద పెడితే మంచిదేమో ఆలోచించు. ఇప్పుడు దరఖాస్తులు తీసుకుంటున్నారో లేదో జిల్లా మత్స్యశాఖలో అడుగు. మా అత్తాపూర్ వైపు, ఎక్స్‌ప్రెస్‌వే పక్కన చేప ఆకారంలో భవనం ఉంటుందే, ఆ జాతీయ మత్స్య అభివృద్ధి బోర్డు వాళ్లనీ కలువు. (ఆ భవనంతో సెల్ఫీ తర్వాత దిగుదువుగాని.)

ఆదివారం పొద్దున్నే రాంనగర్ చేపల మార్కెట్‌కు వెళ్లు. బతికున్న కొర్రమీను ఏ సైజు ఎంతకు పోతోందో చూసి, ఆ సైజు రావడానికి ఎంత మేత పడుతుందో లెక్క కట్టి నాకు పంపు. అడ్వాన్స్ ఆ తర్వాతే ఇవ్వు.

మీ మామయ్య