చలికాలంలో గ్రౌండు కాపాడుకోవడం: పెదనాన్న ఉత్తరం

గుంటూరు,
కార్తీక మాసం.

చిరంజీవికి పెదనాన్న ఆశీస్సులు.

కాలేజీ గ్రౌండు బాధ్యత నీకు అప్పగించారని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. చాలా సంతోషంగా ఉంది రా. ముప్పై ఏళ్ళు ఈ గడ్డితోనే బతికినవాణ్ణి, నాలుగు మాటలు రాయకుండా ఉండలేకపోతున్నాను.

నువ్వు చేరింది సరిగ్గా కష్టమైన నెలల్లో. మన గరిక ఎండకు పెరిగే గడ్డి. రాత్రిళ్ళు 20 డిగ్రీల లోపుకి దిగి, పొద్దు కురచ అయ్యేసరికి దాని పరుగు తగ్గిపోతుంది. ఆటలు మాత్రం అప్పుడే పెరుగుతాయి. విజయవాడ ఇందిరాగాంధీ స్టేడియంలో ఇండియా, వెస్టిండీస్ వన్డే ఆడింది 2002 నవంబరులో. విజయవాడ దగ్గరి మూలపాడులో మహిళల వన్డేలు జరిగింది 2016 నవంబరులో. ఇక సంక్రాంతి టోర్నమెంట్ల సంగతి నీకు చెప్పాలా? వానాకాలంలో ఊడిన గడ్డి రెండు మూడు వారాల్లో పూడుకుంటుంది. డిసెంబరులో ఊడితే ఉగాది దాకా ఆ చోటు బోడిగానే ఉంటుంది. అందుకే ఈ మూడు నెలలు గడ్డిని పెంచడం కంటే, ఉన్నదాన్ని పోగొట్టుకోకుండా చూసుకోవడమే నీ పని.

అన్నిటికంటే ముందు తడి. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది కదా. వాన వెలిసిన మూడో రోజున టోర్నమెంటు వాళ్ళు వచ్చి, ‘పైన ఆరిపోయింది కదండీ’ అన్నారు. నేనూ పైపైనే చూసి సరే అన్నాను. మనది నల్లరేగడి. పైన పెచ్చు కడుతుంది, రెండంగుళాల కింద వెన్నలా ఉంటుంది. గంటన్నర ఫుట్‌బాల్ ఆడేసరికి రెండు గోల్‌పోస్టుల ముందూ గడ్డి వేళ్ళతో సహా లేచి బురదలో కలిసిపోయింది. చదును చేద్దామని మర్నాడే రోలర్ తిప్పాను. అది ఇంకా పెద్ద తప్పు. తడి మట్టి మీద రోలర్ పడితే గాలి దూరే సందు కూడా ఉండదు, ఎండాక ఇటుకే. మార్చి వచ్చినా అక్కడ ఒక్క పోచ మొలవలేదు. తలుచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

కాబట్టి ఆట ఉన్న రోజు నాలుగంగుళాల లోతు నుంచి గుప్పెడు మట్టి తీసి పిసికి చూడు. ముద్దయి, బొటనవేలితో నొక్కితే నాలుకలా సాగిందా, ఆ రోజు ఆట లేదు. నొక్కగానే పొడిపొడిగా విడిపోతే ఆడనివ్వు. ఎవరైనా గట్టిగా అడిగితే ఆ ముద్ద వాళ్ళ చేతిలోనే పెట్టు. ఆటగాళ్ళు కదా, చూస్తే అర్థం చేసుకుంటారు. అలాగని పూర్తిగా ఎండబెట్టొద్దు. రేగడి వేలు దూరేంత బీటలు వారితే పిల్లల చీలమండలు బెణుకుతాయి. వారానికి రెండుసార్లు, వేళ్ళ దాకా దిగేలా, పొద్దున్నే నీళ్ళు పెట్టు. సాయంత్రం వద్దే వద్దు.

సాయంత్రం ఎందుకు వద్దంటే మంచు. రాత్రంతా ఆకు తడిగా ఉంటే తెగులు పడుతుంది. తెల్లారి ఆరింటికి వంగి చూడు, రూపాయి బిళ్ళంత గుండ్రటి మచ్చలు, వాటి మీద సాలెగూడులాంటి తెల్లటి నూగు కనిపిస్తుంది. ఎండెక్కితే నూగు మాయమై, ఎండుగడ్డి రంగు మచ్చే మిగులుతుంది. తొమ్మిదింటికి వెళ్ళేవాడికి అది నీళ్ళు చాలక ఎండినట్టే ఉంటుంది, ఇంకా నీళ్ళు పెట్టి తెగులు పెంచుతాడు. మందు కంటే ముందు తాడు పట్టుకో. పొడవాటి తాడు చెరో కొస ఇద్దరు పట్టుకుని గ్రౌండు ఈ చివర నుంచి ఆ చివరకు లాక్కుపోతే మంచంతా రాలిపోతుంది. పావుగంట పని. అప్పటికీ మచ్చలు పాకితే ప్రోపికొనజోల్ అనే తెగులు మందు కొట్టించు, డబ్బా మీద రాసిన మోతాదు దాటకుండా.

చలికాలమని ఎరువు పూర్తిగా మానేసేవాళ్ళున్నారు. గడ్డి నీరసించిపోతే ఈ తెగులే ముందు పట్టుకుంటుంది. నెలకోసారి సెంటుకి పావు కిలో లోపు యూరియా, అందులో కాస్త పొటాష్ కలిపి, ఆకు ఆరాక చల్లి వెంటనే నీళ్ళు పెట్టు. పచ్చగా కనపడాలని ఎక్కువ వేస్తే లేత ఆకు వస్తుంది, అది బూట్ల కింద నలిగిపోతుంది.

కోత విషయానికొస్తే, మిషన్ ఒక మెట్టు పైకి లేపు. బొటనవేలి మొదటి కణుపంత ఎత్తు, అంటే 30 మిల్లీమీటర్లు ఉంచు. ఒకసారికి మూడో వంతుకు మించి తీయకు. బ్లేడు పదును చూసుకో.

బూట్లు తొక్కి గట్టిపడిన చోట్ల, మట్టి కాస్త చెమ్మగా ఉన్నప్పుడు నాలుగు పళ్ళ ఫోర్కుతో బెత్తెడు ఎడంగా గుచ్చి, జల్లించిన ఏటి ఇసుక చీపురుతో ఆ బొక్కల్లోకి నెట్టు. ఇసుక పైన పొరలా పరిచి వదిలేయొద్దు. తుంగ కనపడితే గడ్డతో సహా తవ్వి తీయి, పైన పీకితే మళ్ళీ వస్తుంది.

ఫోన్లో ఇంగ్లండు గ్రౌండ్ల వీడియోలు చూసి రై గడ్డి గింజలు తెప్పించాలనుకుంటావేమో. వద్దు నాన్నా. వాళ్ళది చలి గడ్డి. మనకు జనవరిలో కూడా పగలు 30 డిగ్రీల దాకా వెళ్తుంది. ఆ డబ్బు గోల్ ముందు వేసే గరిక కణుపుల కోసం దాచుకో, ఫిబ్రవరి చివర కొని వెంటనే నాటుదువుగాని.

భోగి ముందు రోజు మాత్రం గేటు దగ్గర నువ్వే ఉండు. పిల్లలు సరదాగా మంట గ్రౌండులో వేస్తామంటారు. కాదనొద్దు, పార్కింగ్ పక్కన మట్టి నేల చూపించి, పుల్లలు నువ్వే మోసి సాయం చెయ్యి. షామియానాలు, సభలు అంటే ప్రిన్సిపాల్ గారికి ముందే కాగితం రాసి పెట్టు. లారీ ఒక్కసారి లోపలికొస్తే ఆ చక్రాల గాడి రెండేళ్ళు పోదు.

ఇంకొక్కటి. దక్షిణాయనంలో సూర్యుడు దక్షిణంగా జరుగుతాడు కాబట్టి మీ దక్షిణం వైపు గ్యాలరీ నీడ ఇప్పుడు లోపలికి బాగా వస్తుంది. రేపు మధ్యాహ్నం పన్నెండింటికి ఆ నీడ అంచున సున్నంతో గీత గియ్యి, సంక్రాంతి దాకా ప్రతి ఆదివారం గియ్యి. ఆ గీతకు నీడ వైపున్న గడ్డికి ఎండ చాలదు, అక్కడ బౌలింగ్ ప్రాక్టీసు పెట్టనివ్వకు. కనుమ నాడు నేనూ మీ పెద్దమ్మా వస్తున్నాం, గీతలన్నీ నడిచి చూస్తాను.

ఆశీస్సులతో,
పెదనాన్న