మీరడిగారు: పోకర్ ఆడి బతకొచ్చా?

ప్రశ్న: నమస్తే అండీ. మా అబ్బాయి హైదరాబాద్‌లో మంచి ఉద్యోగం చేస్తున్నాడు, ఇప్పుడది మానేసి ప్రొఫెషనల్ పోకర్ ప్లేయర్ అవుతానంటున్నాడు. ఏమన్నా అంటే స్టూ ఉంగర్ అని అమెరికా ఆయన వీడియోలు చూపిస్తాడు. ఎవరండీ ఈయన? (ఒక తల్లి, విజయవాడ)

జవాబు: అమ్మా, మీవాడు చూపించేది మామూలు మనిషిని కాదు. పేక పట్టినవాళ్లలో అంత బుర్ర ఉన్నవాడు ఇంకొకడు లేడని ఇప్పటికీ చాలామంది అంటారు, నేనూ అదే అంటాను. 1953లో న్యూయార్క్‌లో పుట్టాడు, తండ్రి బార్ నడుపుతూ పందేలు రాసుకునే బుకీ, అంటే పిల్లాడు ఊహ తెలిసినప్పట్నుంచీ చూసింది ఆ లోకాన్నే. పదేళ్ల వయసుకే జిన్ రమ్మీలో పెద్దవాళ్లని ఓడించేవాడు. జిన్ మన పదమూడు ముక్కల రమ్మీకి దగ్గరి చుట్టం, ఇద్దరే ఆడతారు, చెరో పది ముక్కలు. ఎదుటివాడు ఏది ఎత్తాడు ఏది పడేశాడు అన్నీ గుర్తుపెట్టుకుని కాసేపట్లోనే వాడి చేతిలో ఏముందో పట్టేసేవాడు. చివరికి ఎదురు కూర్చునేవాళ్లే కరువయ్యారు, లాస్ వేగస్‌లో టోర్నమెంట్లు పెడితే ఇతనొస్తే మేం రామని మిగతావాళ్లు మొండికేశారట, నువ్వు రావద్దు బాబూ అని నిర్వాహకులే చెప్పాల్సొచ్చింది. అలా వేరే దారి లేక పోకర్‌కి వచ్చాడు.

1980లో వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్, అంటే లాస్ వేగస్‌లో ఏటా జరిగే పోకర్ పోటీలు, వాటిల్లో అన్నిటికన్నా ముఖ్యమైన టోర్నమెంట్ మెయిన్ ఈవెంట్, ఎంట్రీ 10,000 డాలర్లు, 73 మంది ఆడారు. చివరికి మిగిలింది ఇతనూ డోయల్ బ్రన్సన్, ఆయన అప్పటికే రెండుసార్లు ఛాంపియన్. ఆఖరి చేయి, అంటే ఆఖరిసారి ముక్కలు పంచిన ఆట, చెప్తాను చూడండి. ఇందులో చెరో రెండు ముక్కలు, బల్ల మీద ఇద్దరికీ కలిపి అయిదు, అన్నిట్లోంచి మంచి అయిదు ముక్కలు కుదిరినవాడిదే గెలుపు. బ్రన్సన్‌ దగ్గర ఆసు, ఏడు. ఉంగర్ దగ్గర ఇస్పేటు అయిదు, నాలుగు. బల్ల మీద మొదటి మూడు ముక్కలు ఆసు, ఏడు, రెండు, అంటే బ్రన్సన్‌కి రెండు జతలు, ఉంగర్‌కి ఏమీ లేదు, మూడు పడితే తప్ప. నాలుగో ముక్క మూడే పడింది! ఆసు నుంచి అయిదు దాకా వరస కుదిరింది, వరస రెండు జతల కన్నా పెద్దది. వయసు 26, గెలిచింది 365,000 డాలర్లు. మరుసటేడు 1981లో మళ్లీ అతనే ఛాంపియన్. మీవాడు చూపించే వీడియోలు బహుశా ఇవే అయ్యుంటాయి, కానీ కథ ఇక్కడితో ఆగలేదమ్మా.

ప్రశ్న: ఉంగర్ మూడోసారి 1997లో గెలిచాడని చదివాను. మధ్యలో అన్నేళ్లు ఏమైపోయాడు సార్? (ఒక పాఠకుడు, కరీంనగర్)

జవాబు: పేకలో గెలిచిందంతా గుర్రాల మీద, ఫుట్‌బాల్ పందేల మీద పోసేవాడు, దానికి తోడు కొకైన్. 1990 సంగతి ఒక్కటి చెప్తే మీకే అర్థమవుతుంది. అదే మెయిన్ ఈవెంట్‌లో రెండు రోజులు ఆడి బోలెడు చిప్స్ (డబ్బు బదులు పందెం కాసే బిళ్లలు) పోగేసుకున్నాడు, మూడో రోజు ఆటకి రాలేదు, వెళ్లి చూస్తే హోటల్ రూమ్‌లో స్పృహ లేకుండా పడున్నాడు. టేబుల్ మీద ఖాళీ కుర్చీ, దాని ముందు చిప్స్. పోకర్‌లో ముక్కలు పంచిన ప్రతిసారీ ఇద్దరు కళ్లు మూసుకుని కట్టాల్సిన పందెం ఒకటుంటుంది, దాన్ని బ్లైండ్ అంటారు, మనిషి లేకపోయినా వంతు వస్తే డీలర్ అందులోంచి తీసేస్తూనే ఉంటాడు. అలా చిప్స్ ఒక్కొక్కటే కరిగిపోతూ కూడా ఆ ఖాళీ కుర్చీకి 9వ స్థానం వచ్చింది, ప్రైజ్ మనీ కూడా. ఎంత ఆట ఆడి పోగేశాడో, ఎంత పోగొట్టుకున్నాడో రెండూ అందులోనే కనిపిస్తాయి, నాకైతే ఇప్పటికీ ఆ సంగతి తలుచుకుంటే కడుపులో దేవినట్టుంటుంది.

1997కి చేతిలో చిల్లిగవ్వ లేదు. బిల్లీ బాక్స్‌టర్ అనే మిత్రుడు చివరి నిమిషంలో 10,000 కట్టాడు. 312 మంది ఆడితే అందరినీ దాటుకొచ్చాడు, డ్రగ్స్ వల్ల ముక్కుకి పట్టిన గతి కనపడకుండా గుండ్రటి నీలం కళ్లజోడు, జేబులో కూతురి ఫొటో. గెలిచిన 10 లక్షల డాలర్లలో సగం బాక్స్‌టర్‌ది. మిగతా సగం కొన్ని నెలల్లోనే ఆవిరి. 1998లో కూడా ఎంట్రీ నేను కడతా రా అన్నాడు బాక్స్‌టర్, ఒంట్లో ఓపిక లేదని ఇతను ఆడనే లేదు. అదే ఏడాది నవంబర్ 22న లాస్ వేగస్‌లో ఒక చిన్న మోటెల్ గదిలో చనిపోయి కనిపించాడు. ఏళ్ల తరబడి వాడిన డ్రగ్స్‌తో గుండె పాడైపోయింది, 45 ఏళ్లు, దగ్గర దొరికింది 800 డాలర్లు.

ప్రశ్న: డ్రగ్స్ లేకపోతే కోటీశ్వరుడయ్యేవాడు కదా అండీ. స్కిల్ ఉంటే చాలు కదా? (డిగ్రీ విద్యార్థి, వరంగల్)

జవాబు: చాలదు తమ్ముడూ. 1997 ఆఖరి చేయే చూడు. ఉంగర్ దగ్గర ఆసు, నాలుగు. అవతలి జాన్ స్ట్రెంప్ దగ్గర ఆసు, ఎనిమిది. బల్ల మీద ఆసు, అయిదు, మూడు, మళ్లీ మూడు. ఇద్దరికీ ఆసులు, మూళ్లే జతలు, పై ముక్క స్ట్రెంప్‌దే పెద్దది. కనపడని ముక్కలు 44, అందులో ఉంగర్‌ని గెలిపించేవి, 2 అంకె ముక్కలు నాలుగు, 4 అంకె ముక్కలు మూడు, వెరసి 7. ఆఖరి ముక్క రెండు పడింది, మళ్లీ ఆసు నుంచి అయిదు వరస. ప్రపంచంలోకెల్లా గొప్ప ఆటగాడికి కూడా ఆ ముక్క కావాల్సొచ్చింది, అది పడకపోతే ఆ చేయి పోయేదో సగం సగం అయ్యేదో.

స్కిల్ అనేది వేల చేతుల మీద గానీ తేలదు, ఒక్క రాత్రిలో తేలదు. పెద్ద టోర్నమెంట్లలో మామూలుగా వందలో పది పదిహేను మందికే ఏదో ఒకటి వస్తుంది, మిగతావాళ్లు కట్టింది పోగొట్టుకుని ఇంటికెళ్లాల్సిందే, బాగా ఆడేవాడు కూడా నెలల తరబడి అలాగే వెళ్తాడు. అందుకే నిలబడ్డ ప్రొఫెషనల్స్ ఆట డబ్బుని ఇంటి ఖర్చుకి ముట్టరు, ఇంటి డబ్బుని ఆటలో పెట్టరు, ఒక్క టోర్నమెంట్‌కి మొత్తంలో చాలా చిన్న వంతే పెడతారు, తమ వాటాలో కొంత అమ్ముకుంటారు కూడా, బాక్స్‌టర్‌తో సగం సగం అన్నట్టు. పేపర్లో పడే ప్రైజ్ మనీలో ఆటగాడి చేతికి ఎంతొచ్చిందో మనకి తెలీదు. ఉంగర్‌కి డ్రగ్స్ ఒక్కటే కాదు, పందెం కనపడితే ఆగలేకపోవడమే అసలు జబ్బు. ముక్కల్ని గుర్తుపెట్టుకున్నంత బాగా డబ్బుని పట్టుకోలేకపోయాడు, అది వేరే విద్య.

ప్రశ్న: సుప్రీంకోర్టు రమ్మీని స్కిల్ గేమ్ అంది కదా, మరి మన దగ్గర పోకర్‌కి ఇబ్బందేంటి? (ఒక పాఠకుడు, నెల్లూరు)

జవాబు: ఆ తీర్పు మన సికింద్రాబాద్‌లో ఒక క్లబ్ మీద పడిన రెయిడ్ కేసులోంచే వచ్చింది, 1960ల్లో. అది రమ్మీ గురించి, అదే తీర్పులో మూడుముక్కలాట మాత్రం పూర్తిగా అదృష్టమే అన్నారు. తర్వాత చట్టాలు చాలా మారాయి. డబ్బు పెట్టి ఆన్‌లైన్లో రమ్మీ, పోకర్ ఆడటం తెలంగాణలో 2017 నుంచి, ఆంధ్రలో 2020 నుంచి కుదరదు. 2025 ఆగస్టులో కేంద్రం కూడా, స్కిల్ అయినా చాన్స్ అయినా సరే, ఆన్‌లైన్ డబ్బు ఆటలు నడపడాన్నే నిషేధించింది, ఆ వెంటనే పెద్ద యాప్‌లు ఆపేశాయి. ఇక మిగిలింది గోవా క్యాసినోల్లాంటివి, లేదంటే విదేశాలు. మనవాళ్లు విదేశాల్లో గెలిచారు కూడా, 2017లో నిపుణ్ జావా, ఆదిత్య సుశాంత్ కలిసి వరల్డ్ సిరీస్‌లో ఒక టోర్నమెంట్ గెలిచి, గెలిచినవాళ్లకిచ్చే బ్రేస్‌లెట్ తెచ్చారు, నిజంగా గొప్ప విషయం. కానీ మన దగ్గర పేకాట గెలుపు మీద 30 శాతం పన్ను, ఓడింది అందులోంచి తీసేసుకోనివ్వరు, ఏడాది మొత్తం మీద నష్టంలో ఉన్నా గెలిచిన ఆటకి పన్ను కట్టాల్సిందే.

విజయవాడ అమ్మగారూ, ఇది మీక్కూడా. ఎక్కడ ఆడతాడు, ఎవరి డబ్బుతో ఆడతాడు, ఆర్నెల్లు వరసగా పోతే అద్దె ఎలా కడతాడు, ఈ మూడూ కాగితం మీద రాసి చూపించమనండి, రాజీనామా సంగతి ఆ తర్వాత మాట్లాడుకోవచ్చు.