తగ్గినట్టే తగ్గి మళ్ళీ వచ్చే డైపర్ ర్యాష్: మా బాబు విషయంలో ఏం జరిగిందంటే

కాజీపేట నుంచి రాసిన చెల్లెకు,

నీ పాపకు ఏడు నెలలు, మూడు వారాల నుంచి డైపర్ కట్టే చోట ఎర్రగా కందిపోయి ఉందన్నావు. మెడికల్ షాపులో ఇచ్చిన ట్యూబు రాస్తే రెండు రోజులు తగ్గుతుంది, ఆపగానే మళ్ళీ వస్తుంది, ఇంట్లో వాళ్ళంతా "పాపది సున్నితమైన చర్మం, అంతే" అంటున్నారు అని రాశావు. డైపర్లు మొత్తానికే మానేయాలా అని అడిగావు.

మానేయాల్సిన అవసరం లేదు. కానీ "ఆపగానే మళ్ళీ వస్తుంది" అన్న మాట చదవగానే నాకు మనసు ఆగలేదు. మా బాబుకు అచ్చం ఇలాగే నెలన్నర పాటు నడిచింది. అందుకే కొంచెం పెద్దగానే రాస్తున్నా.

మాది హనుమకొండ. 2024 ఫిబ్రవరిలో మేడారం జాతరకు పోయినప్పుడు వాడికి ఎనిమిది నెలలు. నిలువెత్తు బంగారం, అంటే వాడి తూకానికి సరిపడా బెల్లం ఇచ్చే మొక్కు ఉండె. పస్రా దాటినంక బండ్లు కదల్లేదు. ఎక్కడా దిగి మార్చే వీలు లేక ఒకే డైపర్‌తో ఐదారు గంటలు ఉంచాం. ఇంటికొచ్చేసరికి పిర్రలు కొద్దిగా ఎర్రబడి ఉన్నాయి. అది మామూలు ఒరుపే, రెండు రోజుల్లో పోయేదే. కానీ ఆ దుమ్ముకు దగ్గు, జ్వరం పట్టుకుని యాంటీబయాటిక్ వాడాల్సి వచ్చింది. దాంతో విరేచనాలు మొదలై రోజుకు ఆరేడు సార్లు అయ్యేది. నాలుగో రోజుకు ఒరుపు కాస్తా మంటగా మారింది. నీళ్ళు తగిలితే చాలు, ఊపిరి పట్టి ఏడ్చేవాడు.

అప్పుడు మా వీధి చివర మెడికల్ షాపులో అడిగితే ఒక ట్యూబు ఇచ్చారు. రాసిన మర్నాటికే ఎరుపు పోయింది. ఎంత సంతోషపడ్డామో! ఐదు రోజులు రాసి ఆపేశాం. వారం తిరక్కుండానే ముందుకంటే ఎక్కువ జాగాలో వచ్చింది. మళ్ళీ అదే ట్యూబు, మళ్ళీ అదే కథ. అట్లా మూడు ట్యూబులు అయిపోయాయి. వాడికి బుగ్గల మీద, మోచేతుల దగ్గర పొడిబారి గరుకుగా ఉండేది కాబట్టి "వీడి చర్మమే అంత" అని నేనూ నమ్మేశాను.

చివరికి పిల్లల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే, ఆమె వాడి కాళ్ళు ఎత్తి తొడ మడతను వేళ్ళతో విప్పి చూశారు. నెలన్నరలో నేను ఒక్కసారి కూడా అట్లా విప్పి చూడలేదు. మడత లోపల పచ్చి మాంసం లాంటి ఎరుపు, దాని అంచు దాటి విడివిడిగా చిన్న చిన్న ఎర్ర చుక్కలు. "ఇది ఫంగస్ అమ్మా, క్యాండిడా. యాంటీబయాటిక్ వాడాక, విరేచనాలయ్యాక పిల్లలకు ఎక్కువగా వస్తుంది. ఇన్ని రోజులు ఏం రాశారు?" అని అడిగారు. ట్యూబు చూపించాను. అందులో స్టెరాయిడ్ ఉంది.

ఇక్కడే జాగ్రత్తగా విను. మన దగ్గర షాపుల్లో "ర్యాష్‌కు ఏదైనా ఇవ్వండి" అంటే చాలాసార్లు స్టెరాయిడ్, ఫంగస్ మందు, యాంటీబయాటిక్ మూడూ కలిపిన ట్యూబు చేతిలో పెడతారు. స్టెరాయిడ్ ఎరుపును, వాపును అణచేస్తుంది కాబట్టి తగ్గినట్టు కనిపిస్తుంది. కానీ అది ఆ చోట చర్మం తనను తాను కాపాడుకునే శక్తిని కూడా అణచేస్తుంది. కాబట్టి కింద ఫంగస్ పూర్తిగా చావదు. మందు ఆపగానే పైకి వస్తుంది. పైగా డైపర్ బిగుతుగా మూసి ఉంచడం వల్ల మందు కట్టుకట్టినట్టు లోపలికి ఎక్కువగా ఇంకుతుంది. పసిపిల్లల చర్మం పలుచన, ఒంట్లోకి కూడా చేరుతుంది. ఎక్కువ రోజులు రాస్తే ఆ చోట చర్మం ఇంకా పలుచబడుతుంది.

నీ ట్యూబు అట్ట మీద చిన్న అక్షరాలు చదువు. క్లోబెటసోల్, బెక్లోమెథసోన్, బీటామెథసోన్, మొమెటసోన్ అని ఉంటే, అవన్నీ స్టెరాయిడ్లే, డాక్టర్ చూసేదాకా మళ్ళీ రాయకు. ఆపిన రెండు మూడు రోజులు ఎరుపు పెరిగినట్టు అనిపించవచ్చు. మా వాడికి పెరిగింది. అప్పుడు భయపడి మళ్ళీ అదే రాయకూడదు. కొన్నిసార్లు డాక్టర్లే తక్కువ శక్తి ఉన్న హైడ్రోకార్టిసోన్‌ను కొద్ది రోజులకు రాస్తారు, అది వేరే సంగతి. అది చూసి, లెక్క పెట్టి ఇచ్చేది.

మామూలు ఒరుపు ఎక్కడ వస్తుందో చూడు: పిర్రలు, తొడల పైభాగం, పొత్తికడుపు కింద, అంటే డైపర్ ఆనే ఉబ్బెత్తు భాగాల్లో. మడతల లోపల బాగానే ఉంటుంది. ఫంగస్ అయితే మడతల్లోకి దిగుతుంది, చుట్టూ చుక్కలుంటాయి. పాప నోట్లో, నాలుక మీద తుడిచినా పోని తెల్లటి పొర ఉందేమో కూడా చూడు, రెండూ కలిసి ఉండొచ్చు. ఇంకొకటి డాక్టర్ చెప్పి నన్ను ఆశ్చర్యపరిచింది: మా వాడి బుగ్గల మీద ఉన్నది ఎగ్జిమా, అంటే చర్మం పొడిబారి దురద పెట్టే జబ్బు, నిజమే, కానీ ఆ పొడి ఎగ్జిమా సాధారణంగా డైపర్ ఉండే చోట రాదట, అక్కడ ఎప్పుడూ తడి ఉంటుంది కదా. కాబట్టి "సున్నితమైన చర్మం" అన్న మాటతో మేము అసలు కారణాన్ని వెతకడమే మానేశాం.

మాకు ఆమె రాసింది క్లోట్రిమజోల్ అనే ఫంగస్ మందు ఒక్కటే ఉన్న క్రీము. రోజుకు రెండు సార్లు పలుచగా, దాని మీద జింక్ ఆక్సైడ్ క్రీము మందంగా. నాలుగో రోజుకు తేడా తెలిసింది. పదో రోజుకు చుక్కలు కూడా పోయాయి. పోయాక ఇంకొన్ని రోజులు రాయమన్నారు, రాశాం.

జింక్ క్రీము రాయడంలో నేను చేసిన తప్పు ఏమిటంటే, ముఖానికి రాసినట్టు రుద్ది ఇంకిపోయేలా రాసేదాన్ని. అది చర్మానికీ మలమూత్రాలకూ మధ్య గోడలా నిలబడాలి. రొట్టె మీద వెన్న పెట్టినట్టు తెల్లగా కనిపించాలి. తర్వాత డైపర్ మార్చినప్పుడు దాన్నంతా గీకి తీయొద్దు, మలం అంటిన పైపొర మాత్రం తుడిచి, పైన మళ్ళీ పెట్టు. రుద్దడం వల్లనే సగం పుండు పెరుగుతుంది. మూత్రం, మలం కలిసి ఉంటే మూత్రం వల్ల చర్మం మీద ఆమ్లగుణం తగ్గుతుంది, అప్పుడు మలంలో ఉండే అరుగుదల రసాలు చురుకై చర్మాన్ని తింటాయి. అందుకే మలం చేసినప్పుడు ఒక్క నిమిషం కూడా ఆగకూడదు. మూత్రమే అయితే రెండు మూడు గంటలకోసారి.

వాసన ఉన్న తడి వైప్స్ మానేశాను. గోరువెచ్చని నీళ్ళు, దూది. బయటికి పోయినప్పుడు ఫ్లాస్కులో నీళ్ళు, పాత నూలు ధోవతి ముక్కలు. ఒత్తి ఆరనివ్వడమే, తుడవడం లేదు. రోజుకు మూడు నాలుగు సార్లు చాప మీద రబ్బరు షీటు, దాని మీద గుడ్డ వేసి పది పదిహేను నిమిషాలు గాలికి వదిలేసేదాన్ని. మే నెలలో వరంగల్ ఎండకు డైపర్ లోపల చెమట ఎట్లా ఉంటుందో ఊహించు. మధ్యాహ్నం పూట కూలర్ ముందు కాకుండా, గాలి ఆడే గదిలో.

పెద్దవాళ్ళ సంగతి. మా అత్తమ్మ చేతిలోనే వాడు పెరిగాడు, ఆమె ప్రేమ మీద నాకు ఒక్క మాట లేదు. కానీ పౌడర్ వద్దని కూర్చోబెట్టి చెప్పాను. టాల్కమ్ పొడి ఎగిరి పసివాళ్ళ ఊపిరితిత్తుల్లోకి పోతుంది, తడికి ఉండలు కట్టి మడతల్లో ఇంకా ఒరుస్తుంది. కొందరు పాతకాలం అలవాటుగా బోరిక్ పౌడర్ చల్లుతారు, అది అసలే వద్దు, తెగిన చర్మం నుంచి ఒంట్లోకి పోతే విషం. నలుగు పెట్టే అలవాటుంటే పుండు మానేదాకా నడుము కింద సున్నిపిండి తగలనివ్వకు. పచ్చి పుండు మీద పసుపు కూడా మంట పెడుతుంది.

ఇక డైపరా, గుడ్డా? ఇప్పటి డైపర్లలో తడిని పీల్చే జెల్ ఉంటుంది, తడి గుడ్డకంటే చర్మం పొడిగానే ఉంటుంది. గుడ్డలు వాడితే తడిసిన వెంటనే మార్చగలగాలి. గుడ్డ మీద ప్లాస్టిక్ జాంగ్యా మాత్రం వద్దు, ఆవిరి బయటికి పోదు. మాకు బోరు నీళ్ళు, ఉప్పగా ఉంటాయి, సబ్బు సరిగా పోదు. అందుకే గుడ్డలు వేడినీళ్ళలో ఉతికి, మూడుసార్లు జాడించి, మేడ మీద ఎండలో ఆరేసేవాళ్ళం. మేము రాత్రి డైపర్, పగలు ఇంట్లో ఉన్నంతసేపు గుడ్డ అని పెట్టుకున్నాం. డైపర్ తీస్తే తొడ మీద గీతలు పడుతుంటే ఒక సైజు పెంచు.

విరేచనాలు కూడా ఉంటే వాటిని చూడకుండా ర్యాష్ ఒక్కటే తగ్గదు. ఓఆర్ఎస్‌తో పాటు జింక్ మందు 14 రోజులు ఇస్తారు, ఆరు నెలలు దాటిన పిల్లలకు రోజుకు 20 మిల్లీగ్రాములు. పాలు ఆపకు.

నీకైతే మూడు వారాలు దాటింది కాబట్టి ఇంట్లో ఇంకా ప్రయోగాలు వద్దు, ఈ వారంలోనే చూపించు. చీము పొక్కులు, తేనె రంగు పక్కులు, రక్తం, జ్వరం ఉంటే ఈ రోజే. మలద్వారం చుట్టూ గీత గీసినట్టు ఎర్రగా ఉండి మలానికి ఏడిస్తే అది బ్యాక్టీరియా కావచ్చు, మందు వేరు. నోటి చుట్టూ, వేళ్ళ మీద కూడా ఇలాంటి పుండ్లే ఉండి జుట్టు రాలుతుంటే జింక్ లోపం ఉందేమో చూడమని అడుగు. ప్రైవేటులో ఖర్చు అనుకుంటే వరంగల్‌లోని ప్రభుత్వాసుపత్రి ఎంజీఎంలో చర్మ విభాగం ఓపీ ఉంది.

వెళ్ళేటప్పుడు ఇప్పటిదాకా రాసిన ట్యూబులన్నీ, ఖాళీవైనా సరే, కవర్లో వేసుకుని పో. పొద్దున వెలుతురులో మడత విప్పి ఒక ఫోటో తీసి పెట్టుకో. బయలుదేరే ముందు జింక్ క్రీము మందంగా రాయకు, తెల్లటి పూత కింద చుక్కలు కనిపించవు.