బోర్డు వైపు తిరగ్గానే గోల: ముందురోజు ఏం సిద్ధం చేసుకోవాలి?

కోనసీమలో మీ బడిలో 3, 4 తరగతులు ఒకే గదిలో కూర్చుంటాయి, మూడులో 14 మంది, నాలుగులో 10 మంది. మీరు బోర్డు వైపు తిరగ్గానే గోల మొదలవుతోంది, ఏం శిక్ష వెయ్యాలి అని అడిగారు.

శిక్ష మాట వదిలెయ్యండి. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కొట్టడాన్నీ, మనసు నొప్పించడాన్నీ కూడా నిషేధించింది. పైగా దానివల్ల ఈ గోల తగ్గదండి. పిల్లల చేతికి పనిలేని నిమిషాల్లోనే అది పుడుతుంది. అమెరికన్ మనస్తత్వవేత్త జేకబ్ కౌనిన్ 1970లో చెప్పింది కూడా ఇదే: తరగతి బాగా నడిపే టీచర్లకీ మిగతావాళ్లకీ మందలించే తీరులో పెద్ద తేడా లేదు, పాఠం ఎక్కడా తెగకుండా నడపడంలో, గదంతా కనిపెట్టుకుని ఉండడంలోనే ఉంది.

మూడో తరగతికి రేపు 52లోంచి 27 తీసివేత ఉందనుకోండి. కొబ్బరి ఈనెల్ని మొదలు వైపు లావుగా ఉన్నచోట వేలెడు ముక్కలుగా కోసుకోండి. కొసలు మొద్దుగా ఉండాలి, లేకపోతే కళ్లకు ప్రమాదం. జంటకో సంచిలో పదేసి కట్టలు 5, విడివి 9. ఈ లెక్కకు విడివాటిలో రెండే బయటికి తీయించండి. ఏడు జంటలకు మొత్తం 413 ముక్కలు. రబ్బరు బ్యాండ్లు వద్దు, రెండో నిమిషానికే అవి గాల్లో ఎగురుతాయి. అరటినారతో జారుముడి వెయ్యండి. లాగితే ఊడిపోవాలి, ఎందుకంటే పది కట్ట విప్పి ఒకట్లలో కలపడమే ఇక్కడ అసలు పాఠం.

సంచి చేతికిచ్చాక చెప్పే మాట ఎవరి చెవికీ ఎక్కదు. ముందు చెప్పండి, ఒక పిల్లవాడి చేత తిరిగి చెప్పించండి, అప్పుడు పంచండి. ఆ చెప్పే రెండు వాక్యాలూ పాఠం ప్లానులో మాటకు మాట రాసుకోండి. చాలా ప్లాన్లలో లక్ష్యాలు బారెడు ఉంటాయి, ఇదొక్కటే ఉండదు.

మూడో తరగతి ఈ ఈనెల పనిలో ఉండే 20 నిమిషాలూ నాలుగో తరగతికి కొత్తది ఇవ్వకండి. నిన్న వచ్చిన లెక్కలే ఇవ్వండి. లేకపోతే ప్రతి రెండు నిమిషాలకీ ఒకరు మీ దగ్గరికి లేచి వస్తారు. ఐదు లెక్కలిస్తే చురుకైనవాళ్లు ఆరు నిమిషాల్లో ముగించేస్తారు, ఇక అక్కణ్ణుంచే గోల. అందుకని ఐదు తేలికవి, మూడు కష్టమైనవి, చివర ‘రొయ్యల చెరువు మీద నువ్వే ఒక లెక్క కట్టు’ అని ఇవ్వండి. జవాబులు విడి కాగితం మీద రాసి కిటికీలో పెడితే సరిచూసుకోవడానికి మీతో పనుండదు. సందేహం వస్తే ముందు పక్కవాణ్ణి అడగాలి.

బోర్డు మీద రాయాల్సింది పాత క్యాలెండరు వెనకవైపు ఇంటి దగ్గరే రాసుకుని వెళ్లి తగిలించండి. పిల్లలకు వీపు చూపించే సమయం అరనిమిషానికి దిగుతుంది.

వరదల రోజుల్లో లంకల (గోదావరి మధ్య దీవుల) పిల్లలు ఆలస్యంగా వస్తారు. మొదటి పది నిమిషాలకు ఎప్పుడొచ్చినా అందుకోగలిగే పలక పని పెట్టండి.

బడి అయ్యాక ప్లాను అంచున ఒక్కటే రాయండి: గోల ఏ నిమిషంలో మొదలైంది, అప్పుడు ఎవరి చేతులు ఖాళీగా ఉన్నాయి. వారంపాటు రాసి ఇక్కడ పెట్టండి, ఏ పని మార్చాలో చూద్దాం.